అంట్లనీళ్ళు పారినంత మేర

చెప్పులు అరుగు కిందే వదిలి రండి. తెల్లవారుజాము 5.30. రాత్రంతా ఆరిన నేల ఇప్పుడే కాలు పెట్టనిస్తోంది. ఇంకో మూడు గంటలు గడిస్తే ఒట్టి కాళ్ళతో ఇక్కడ నిలబడలేరు. గుంటూరు నుంచి పెదనందిపాడు మీదుగా పర్చూరు వెళ్ళే దారిలో, పెద్దరోడ్డు వదిలి లోపలికి తిరిగితే వచ్చే ఊళ్ళలో ఇదొకటి. ఎటు చూసినా నల్లరేగడి. పర్చూరును 2022లో ప్రకాశం నుంచి తీసి బాపట్ల జిల్లాలో కలిపారు గానీ ఆ సంగతి నేలకు తెలియదు. గట్టుకు ఇటూ అదే పత్తి, అటూ అదే మిరప. రోహిణి కార్తె ఆఖరి రోజులు. మామ్మ అప్పుడే లేచి వెనక తలుపు గడియ తీసింది. ఆవిడ వెనకే రండి.

పెరడు అనగానే మీరు ఊహించుకున్న పచ్చదనం ఇక్కడ లేదు. మసిబారిన ఇటుకల పొయ్యి ఉంది. దాని పక్కన, చేలో పీకి మోపులు కట్టిన పత్తికట్టె. ప్రహరీ వారగా మిరపకంప. చలికాలమంతా కాసి ఎండిపోయిన చిక్కుడు తీగను ఇంకా మోస్తూ పాత పందిరి, కాస్త గాలి తగిలినా గలగలమంటోంది. నేలంతా నెర్రెలు. ఒకదాన్లో చెయ్యి పెట్టి చూడండి. మణికట్టు దాటి దిగుతుంది, లోపల చల్లగా కూడా ఉంటుంది.

"తేళ్ళుంటయ్! తియ్యి చెయ్యి!"

తీసేయండి. నిజంగానే ఉంటాయి.

పంచాంగం ప్రకారం వసంతమంటే చైత్ర వైశాఖాలు. ఈ మైదానంలో ఆ రెండు నెలలూ పెరడు ఓర్చుకునే కాలం. వేప పూస్తుంది, మామిడి కాస్తుంది, మల్లె విరగబూస్తుంది, నిజమే. అదంతా లోతున వేళ్ళున్నవాళ్ళ సంబరం. జానెడు వేరు మీద బతికే కూరపాదుకు అందులో వాటా లేదు. దాని సంవత్సరాది జూన్ 7, 8 తేదీల్లో, మృగశిర కార్తె ప్రవేశించాక వస్తుంది. అదైనా వాన వస్తేనే.

ఇప్పుడు పచ్చగా ఉన్నవేమిటో చూడండి. మునగ, వేప వదిలేయండి, వాటి నీళ్ళు వాటికి కిందెక్కడో ఉన్నాయి. మిగిలినవి చూస్తే ఒక గీత దొరుకుతుంది. అంట్లు తోమే గచ్చు దగ్గర మొదలవుతుంది. ముందు అరటి బోదె, దానికి పిలకలు. తర్వాత కరేపాకు. ఆ తర్వాత కనకాంబరాలు, ఆకులు చిన్నబోయినా పూలు మానలేదు. గీత చివర నిరుటి వంగమొక్క ఒకటి, చీమలు పట్టిన కాండంతో. అక్కడితో అంట్లనీళ్ళ కాలవ ఇంకిపోయింది, పచ్చదనమూ ఆగిపోయింది. ఆ పైన రెండు సెంట్ల నేల బూడిద రంగుకు తిరిగి పడి ఉంది. ఎండాకాలం ఇక్కడ పెరడంటే అంట్లనీళ్ళు పారినంత మేర. పటంలో కొలతలు ఎన్నున్నా ఇల్లాలికి తెలిసిన సరిహద్దు అదే.

కుళాయి సన్నగా మొదలైంది. బిందెలన్నీ వరసలోకి వచ్చాయి. ఊరి మంచినీళ్ళ చెరువు నిండితేనే కుళాయి. ఈ ప్రాంతపు చెరువుల్లో చాలావాటికి నాగార్జునసాగర్ కుడి కాలువే దిక్కు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది, 1967లో కాలువలకు నీళ్ళొదిలారు. చివరి ఊళ్ళకు చేరేసరికి ఎంత మిగులుతుందో ఈ వైపు జనాన్ని అడగండి. గుంటూరు ఛానల్ అనే కాలువను పర్చూరు దాకా పొడిగించమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. అందుకే ఈ ఇంట్లో ఏ నీళ్ళూ ఒక్క పనితో చావవు. బియ్యం కడిగినవి కనకాంబరానికి. పులిసిన మజ్జిగ కలిపిన చెంబుడు నీళ్ళు కరేపాకుకు. స్నానాల నీళ్ళు అరటికి, అదీ సబ్బు తక్కువ రాసుకునే మనవరాలి స్నానం అయితే.

కోడలు ఆఖరి బిందె ఎత్తుకుంటూ అడుగుతుంది. "అత్తయ్యా, ఆ వంకాయ చెట్టు పీకి పారేద్దామా? ఆకుకు చేవే లేదు."

"ఉండనియ్యి. వాన పడితే అదే చిగురేసిద్ది. నీ కన్నా ముందు నుంచీ ఉంది అది."

ఆ మాటకు అర్థం లేదు, మొక్క నిరుటిది. కోడలు నవ్వుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

పదకొండు దాటింది. ఇక పెరట్లో ఎవరూ ఉండరు. పల్నాడులో రెంటచింతల ఎండ పేపర్లో పడుతుంది గానీ, ఇక్కడా 45 డిగ్రీలు కొత్త కాదు. పడమటి గాలి మొదలైతే తలుపు సందుల్లోంచి వేడి తోసుకొస్తుంది. కిటికీలోంచి చూడండి: అరటాకు నడి ఈనె మీద రెండు వైపులకూ ముడుచుకుంది, వంగ ఆకులు తలలు వేలాడేశాయి. చచ్చిపోయాయనుకుంటారు. సాయంత్రం ఆరు గంటలకు చుక్క నీరు పోయకుండానే అవే ఆకులు లేస్తాయి. మొక్క ఆవిరి తగ్గించుకోవడానికి వేసుకున్న ఎత్తు అది.

వసారాలో కూర్చుంటే ముక్కు మండుతుంది. గోడవారన మిరపకాయ టిక్కీలు. పంటలో ఎక్కువ భాగం ఏసీలో ఉంది. ఏసీ అంటే ఇక్కడ కోల్డ్ స్టోరేజీ అని తెలుసుగా. ఇవి ఇంటి ఖర్చులకని ఆపుకున్నవి. గుంటూరు యార్డుకు ఎండాకాలం సెలవులు ఇంకా తెరుచుకోలేదు. తెరిచాక ధర ఎట్టా ఉండిద్దో అని మామ్మ కొడుకు రోజుకు నాలుగుసార్లు ఫోనులో ఎవరినో అడుగుతుంటాడు. బస్తాల మీద చాక్‌పీసు రాతలు: ఒకచోట తేజ, ఒకచోట 334. ఆ అంకె గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారంలో పుట్టిన ఎల్‌సీఏ-334 రకానిది. విచిత్రం ఏమిటంటే, ఇన్ని మిరపకాయలున్న ఇంట్లో పొద్దున పప్పులోకి పచ్చిమిర్చి లేక కొట్టుకు మనిషిని పంపారు. ఈ మైదానం తీరే అంత. చేలో పండేది లారీ ఎక్కుతుంది, పళ్ళెంలోకి రావాల్సింది బజారు నుంచి వస్తుంది. పెరడు ఒక్కటే ఈ లెక్కకు ఎదురు నడుస్తుంది.

నిద్ర లేచాక మామ్మ అటక మీది రేకుడబ్బా దింపిస్తుంది. దగ్గరగా జరగండి, ఇది చూడాలి. ముందు బూడిద. బూడిదలోంచి వేళ్ళతో సొర గింజలు పైకి తీస్తుంది. మూతికి గుడ్డ కట్టిన సీసాలో తోటకూర విత్తనం, నల్లగా నున్నగా, అరచేతిలో పోసుకుంటే జారిపోతుంది. కాగితం పొట్లాల్లో బెండ, గోంగూర. బీరకాయ మాత్రం కాయగానే ఉంది, తీగ మీదే ఎండనిచ్చింది. చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు కదిలిన చప్పుడు. గుమ్మడి, దోస డబ్బాలో లేవు. దొడ్డిగోడ మీద చూడండి, పేడబిళ్ళల్లోంచి అంచులు పైకి కనబడుతున్నాయే, అవే. పచ్చిపేడలో గింజలు అద్ది గోడకు కొడితే పురుగు ముట్టదు, వాన దాకా అలాగే ఉంటాయి. పాతే రోజున బిళ్ళ చితక్కొట్టి గుంటలో వేస్తే ఎరువు కూడా కలిసొస్తుంది.

అడుగున ఎర్రగుడ్డ మూట. అందులో చిక్కుడు గింజలు, గోధుమరంగు మీద తెల్లటి కన్ను. "ఇయ్యి మా పుట్టింటియ్యి, పొదిలి కాడ," అంటుంది. పెళ్ళయి వచ్చినప్పుడు వాళ్ళమ్మ కొంగున కట్టిందట. పొదిలి వైపు ఎర్రచలక. ఈ రేగట్లో బతకదన్నారు అత్తగారు. బతికింది, ఊళ్ళో సగం పందిళ్ళ మీద ఇప్పుడు అదే పాకుతుంది. దాన్ని అందరూ మామ్మ చిక్కుడనే అంటారు. ఒక్క షరతు: ఈ జాతికి పొద్దు తగ్గితేనే పూత. జూన్‌లో పెట్టండి, జులైలో పెట్టండి, మంచు మొదలయ్యే దాకా అది ఆకులే వేస్తుంది. తొందరపెట్టే మందేదీ దాని మీద పనిచెయ్యదు.

చేలో అయితే విత్తనం ఏటా కొత్తగా కొనాలి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన దగ్గర్నుంచి ప్యాకెట్ లేని పత్తి విత్తు ఈ ఊరు ఎరగదు. మిరపకు హైబ్రిడ్ గింజ, లేదంటే నర్సరీ నారు. ఫలానా రకమే కావాలని దుకాణం ముందు జనం తోసుకునే సంవత్సరాలూ ఉన్నాయి. పెరటి విత్తనానికి బిల్లుండదు. గోడ మీంచి అడుగుతారు, గోడ మీంచే ఇస్తారు. పోయినేడు తీసుకున్నవాళ్ళు ఈ ఏడు ఇస్తారు. మామ్మ దగ్గర పోతే పక్కింట్లో ఉంటుంది. బ్యాంకు లాకర్ కన్నా భద్రమైన ఏర్పాటు ఇదని నా నమ్మకం.

గోడ మీది పేడబిళ్ళను చూస్తుంటే గుంటూరులోనే ప్రధాన కార్యాలయం ఉన్న రైతు సాధికార సంస్థ గుర్తొస్తుంది. ప్రకృతి సేద్యం కింద వాళ్ళు వానకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లిస్తున్నారు. గింజకు బంకమన్ను, బూడిద, పేడతో చేసిన ఘనజీవామృతం పూతలు వేసి గుళికలు చేస్తారు. తడి తగిలేదాకా లోపలి గింజ ఎండకు మాడదు, చీమకు దొరకదు. చేలో చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. మామ్మ ఆశ్చర్యపోలేదు.

సెల్‌ఫోన్ మోగుతుంది. న్యూజెర్సీ నుంచి కూతురు, వీడియోలో. అక్కడ పొద్దున. ఇంటి వెనక చెక్కలతో కట్టిన మడి చూపిస్తోంది: "చూడవే అమ్మా, గోంగూర మొలిచింది!" నాలుగు ఆకుల మొలకలు, అక్కడి లేత ఎండలో. ఇక్కడి వాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు, మీరూ తల దూర్చండి. తల్లీ కూతురూ ఒకే నెలలో ఒకే గింజ పెడుతున్నారు, కాకపోతే అక్కడ మంచు పోయిందని, ఇక్కడ మంట తగ్గబోతోందని. "బాగా ఒత్తుగా ఏశావే, పీకి పలచన చెయ్యి," అంటుంది మామ్మ. ఎనిమిదివేల మైళ్ళ అవతలి మడి మీద కూడా ఆవిడకు అజమాయిషీ ఉంది.

రోహిణి వెళ్ళిపోయింది. మృగశిర వచ్చిందన్నమాటే గానీ ఆకాశంలో మార్పు లేదు. ఇవాళ సాయంత్రం మాత్రం ఏదో తేడాగా ఉంది. రోజూ పొద్దువాలగానే సముద్రం వైపు నుంచి పైరగాలి రావాలి, రాలేదు. చెమట కారుతోంది తప్ప ఆరడం లేదు. చీమలు గుడ్లు నోట కరచుకుని గచ్చు కింద నుంచి గోడ మీదికి వరసగా ఎక్కుతున్నాయి. కోళ్ళు వేళకు ముందే గంప కిందికి చేరాయి. వాయవ్యాన, కొండవీడు కొండల వైపు, మబ్బు నల్లగా లేస్తోంది. మామ్మ తల ఎత్తి ఒకసారి చూసి, పిడకలు లోపలికి చేర్చమని కేకేసింది. ఇంకేమీ అనలేదు. నోటితో అంటే వాన తప్పిపోతుందని ఆవిడ భయం.

ముందు దుమ్ము వస్తుంది. కళ్ళు మూసుకోండి. ఊరి దుమ్మంతా లేచి, కిందటి కళ్ళాల్లో మిగిలిన మిరపతొక్కుతో సహా మొహాన కొడుతుంది. ఊరంతా ఒకేసారి తుమ్ముతుంది. మునగకొమ్మ ఒకటి ఫెళ్ళున విరిగింది, కాయలతో సహా. మునగకు అదో అలవాటు, గాలిని తట్టుకునే చేవ దానికి లేదు. కరెంటు పోయింది. ఆ చీకట్లో మొదటి చుక్కలు, దూరం దూరంగా, లావుగా, రేకుల మీద చప్పుడు చేస్తూ. తర్వాత విడి చుక్కలంటూ లేవు.

గొడుగు వద్దు. చూరు కింద నిలబడి నేల వైపు చూడండి, మెరుపు మెరిసినప్పుడల్లా. వాన కురుస్తోంది గానీ నీళ్ళు నిలవడం లేదు. నెర్రెల్లోకి దిగిపోతున్నాయి. రేగడి పైనుంచి తడిసే నేల కాదు. తొలివానకు అడుగు నుంచి తడుస్తుంది. ఎండల్లో పై మట్టి చితికి నెర్రెల్లోకి రాలింది, ఇప్పుడు కిందమట్టి ఉబ్బి పైకి తోసుకొస్తుంది. తనను తాను దున్నుకునే నేల అని పేరు తెచ్చుకుంది ఇందుకే. గంటసేపు కురిశాక గానీ పెరట్లో మొదటి గుంట నిండలేదు. ఆ గుంట నిండీ నిండగానే కప్ప అరిచింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో మరి.

కరెంటొచ్చింది. ఊరికే రాలేదు, ఉసుళ్ళను వెంటబెట్టుకు వచ్చింది. ట్యూబులైటు చుట్టూ రెక్కలు, అన్నంలో రెక్కలు, మజ్జిగలో రెక్కలు. కోడలు లైటు ఆర్పేసి పెరటి గుంజకు దీపం తగిలించింది, అటు పోతాయని. గోడ మీద బల్లులు మూడు, ఆవురావురుమంటూ.

తెల్లవారింది. ఇప్పుడు చెప్పుల సంగతి మర్చిపోండి. రేగట్లో పది అడుగులు నడిచారంటే చెప్పుకు అంటిన మట్టి చెప్పు కన్నా బరువవుతుంది, పదకొండో అడుగుకు ఉంగటం తెగుతుంది. నిన్న చెయ్యి పట్టిన నెర్రె ఇవాళ పెదవులు కలిపేసింది. గాలిలో దుమ్ము కడుక్కుపోయి కొండవీడు దగ్గరకు జరిగినట్టు కనబడుతోంది. కింద వేపపళ్ళు రాలి ఉన్నాయి, పసుపుపచ్చగా, కొన్ని పగిలి. పిల్లలు ఏరుతున్నారు, గింజ అమ్ముడుపోతుంది, కషాయానికి. మనవరాలు ఆరుద్ర పురుగు కోసం సందంతా వెతికి వచ్చింది, దొరకలేదు. "మా పొదిలిలో అయితే ఎర్రమట్టి నిండా అయ్యే," అని మామ్మ. అక్కడ అసలు వానలు ఆశ్వయుజ కార్తికాల్లో కదా, ఈ పురుగుకు మాత్రం తొలకరే కావాలి.

ఇంత తడి చూసి గింజలు పట్టుకుని దిగాలనిపిస్తుంది. దిగకండి. రేగడికి పదును రావాలి. ఈ మట్టిని పిడికిట్లో పట్టుకుంటే బంకలా సాగుతోంది. ఇప్పుడు గింజ పెడితే పైన పెచ్చు కట్టి మొలక లోపలే చచ్చిపోతుంది. రోజు మార్చి రోజు మామ్మ వచ్చి కాలి బొటనవేలితో మట్టి కదిపి చూసి పోతుంది. పిడికిట్లో ముద్దయి, కింద వేస్తే విడిపోయినప్పుడు పదును. అది రెండు మూడు రోజులకు మించి నిలవదు. చేలో పత్తి విత్తేవాళ్ళూ ఇదే పదును కోసం చూస్తారు, అందుకే ఆ రెండు రోజులూ ఊళ్ళో ఎవరు పిలిచినా ఎవరూ పలకరు. ఏరువాక పున్నమి కూడా దగ్గర పడింది. కొడుకు ట్రాక్టరు వాడితో మాట్లాడుతున్నాడు. పెరడు సంగతి ఆడవాళ్ళది.

పదునొచ్చింది, పదండి. ముందు దిబ్బ పక్క నేల. ఏళ్ళ తరబడి బూడిద, పేడ, చెత్త పడి అక్కడి రేగడి బంకతనం పోయి గుల్లగా తయారైంది. తోటకూర గింజలో గుప్పెడు బూడిద కలిపి చల్లుతుంది మామ్మ. అలా కాకపోతే అంతా ఒకేచోట పడుతుంది. గోంగూర చాళ్ళు, వేలితో గీసినంత లోతు. బీరకు గుంటకు మూడేసి గింజలు, మొన తిరగేసి కాకుండా పక్కవాటుగా. కాకర గింజ రాత్రే నానేసింది, దాని పెంకు మొండిది. ప్రతి గుంట మీదా అరికాలితో ఒక్క తొక్కు. బలంగా కాదు. మట్టికీ గింజకూ సందు లేకుండా, అంతవరకే. మీరూ ఒక గుంట తొక్కండి. ఇంకాస్త మెల్లగా.

ఆఖరున రేగుకంప పరచాలి. కోళ్ళు ఇందాకటి నుంచి గోడ మీద కూర్చుని వరస చూస్తున్నాయి. అవి కెలకడం మొదలుపెడితే ఈ పూట పనంతా వాటి పొట్టలోకే.

కోడలు పక్క మడి తనదంది. అందులో బజారు నుంచి తెచ్చిన హైబ్రిడ్ టమాటా నారు పెట్టింది, అయిదు వరసలు, తాడు పట్టి మరీ. మామ్మ ఆ వరసల వైపు చూడనట్టే చూసింది.

"ఆ కాయ రుచుండదు."

"కాపుంటుంది కదా అత్తయ్యా."

ఎవరిది నిజమో నన్నడక్కండి. ఇద్దరి మడీ ఇంటికి అవసరమే.

మొలకలు చూడ్డానికి పొద్దున్నే రావాలి. ఆశ్చర్యం ఏమిటంటే, ముందు పైకొచ్చేవి మీరు పెట్టినవి కావు. దిబ్బ మీద గుమ్మడి, ఎవరూ వెయ్యలేదు. గచ్చు పక్కన బొప్పాయి మొలకలు గుంపుగా. ఆవకాయ పెట్టిన రోజుల్లో విసిరేసిన టెంకల్లోంచి మామిడి, రాగిరంగు లేతాకులతో. ఇక తుంగ, దాన్ని ఆపినవాడు ఇంకా పుట్టలేదు. గలిజేరు నేలంటి పాకుతోంది, చెంచలాకు దాని సందుల్లో. మామ్మ తుంగ పీకుతుంది గానీ ఈ రెండింటినీ ముట్టుకోదు. ఇవాళ మధ్యాహ్నం పప్పులోకి అవే. తొలకరి పెరడు ఇచ్చే మొదటి కూర ఎప్పుడూ పెట్టనిదే అయి ఉంటుంది. విత్తినవి అందివచ్చేలోగా ఇల్లు గడిపేది ఈ పిలవని ఆకులే.

మూడో నాలుగో పొద్దుకు తోటకూర మడి మీద ఎర్రటి నీడ పడుతుంది. కిందికి వంగితే అవి మొలకలని తెలుస్తుంది, గుండుసూది తలంత ఆకులు. గోంగూర ఎర్రకాడలతో, గింజ పెంకును నెత్తిన మోసుకునే లేచింది. బీర ఇంకా రాలేదు. మనవరాలు ఓపిక పట్టలేక ఒక గుంట తవ్వి చూసింది, వీపు మీద ఒకటి తిన్నది. మరో రెండు పొద్దులకు నేల పగిలి, వంగిన మెడ ఒకటి కనబడుతుంది, తర్వాత రెండు దళసరి పప్పాకులు విప్పుకుంటాయి.

అదే పొద్దున ఎర్ర పెంకు పురుగు కూడా దిగుతుంది. నారింజ రంగులో ముద్దుగా ఉంటుంది. పప్పాకును గుండ్రంగా కొరికి జల్లెడ చేసి పోతుంది. ఆ రెండాకులూ పోతే పాదు పోయినట్టే. మామ్మ మంచుతడి ఆరకముందే జల్లించిన బూడిద చల్లుతుంది, ఆకు మీద అంటుకునేలా. మీ చేతికీ కాస్త ఇస్తుంది. గాలివాటు చూసుకోండి, కళ్ళలో పడుతుంది.

పురుగు మాటొచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పాలి. ఈ పెరడు, ఆ చేను వేరనుకుంటాం గానీ చుట్టరికం దగ్గరిది. బెండ, గోంగూర పత్తి కుటుంబం వాళ్ళు. వంగ, టమాటా మిరప కుటుంబం. చేలో పుట్టిన కష్టం పెరటి గోడ దగ్గర ఆగదు. 1980ల మధ్యలో తెల్లదోమ పత్తిని పీల్చేసింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ఎందరో అప్పులు తీర్చే దారిలేక ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో వంగాకు తిప్పి చూస్తే తెల్లగా లేచేదని మామ్మ అంటుంది, ఆపైన ఆ కాలం గురించి మాట్లాడదు. 2021లో నల్ల తామరపురుగు మిరపపూలలో చేరి చేలకు చేలు ఊడ్చేసింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన రకం, మిరప ఒక్కటే కాదు, ఎన్నో జాతుల పూలలో బతకగలదు. ఇప్పుడు ఎవరి చేలో చూసినా నీలం, పసుపు జిగురు అట్టలు. పెరట్లో మాత్రం మామ్మకు జిగురు అట్టా లేదు, మందు డబ్బా అసలే రానివ్వదు. "ఇంట్లో పిల్ల ఆడే చోట ఆ వాసనేంది" అన్నది ఒక్కటే ఆవిడ వాదన. వంగ ఆకు పైకి ముడిస్తే తామర, కిందికి ముడిస్తే నల్లి అని వేలు పెట్టి చూపిస్తుంది, ఆ కొమ్మ తుంచి పొయ్యిలో పారేస్తుంది. అన్నట్టు నిరుటి ముసలి వంగ, కోడలు పీకుదామన్నది, మొదట్లోంచి మూడు చిగుళ్ళేసింది.

ఆషాఢం వచ్చేసింది. చేలల్లో పత్తి రెండాకుల మీద ఉంది. పెరట్లో బూడిదరంగు ఎక్కడా మిగల్లేదు. అంట్లనీళ్ళ గీత ఏదో ఇప్పుడు వెతికినా దొరకదు. గోంగూర ఒక కోతకు వచ్చింది. మామ్మ చివుళ్ళు గిల్లుతూ పోతోంది, గిల్లినకొద్దీ కొమ్మలేస్తుందని. బీర తీగలు నాలుగేసి ఆకులకు పైనే నులితీగలు చాచి పట్టు కోసం గాలిలో తడుముతున్నాయి. ఒకటి మీ చొక్కా అంచు దొరికించుకుంది, చూసుకున్నారా? ఆగితే సాయంత్రానికి రెండు చుట్లు చుడుతుంది. ఇంకో నెలకు పూత. బీరపువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది, సొర కూడా అంతే, చీకట్లో తెల్లగా. గుమ్మడికి, కాకరకు తెల్లవారడం కావాలి.

ఇవాళ మాత్రం పందిరి పని. పాతది విప్పేశారు. సుబాబుల్ గుంజలు నాలుగు కొత్తవి, కొడుకు చేను గట్టు నుంచి కొట్టుకొచ్చాడు. పైన పత్తికట్టె అడ్డంగా పరిచి బైండింగ్ వైరుతో కట్టాలి. పత్తికట్టె మీద తీగకు గరుకుగా పట్టు దొరుకుతుంది. చిక్కుడు మూల మామ్మే నిర్ణయించింది, తూర్పు మూల, ఎవరినీ అడగలేదు. గునపం కొడుకు చేతిలో ఉంది, గుంజ మీ చేతిలో. వంచకుండా పట్టుకోండి.

"చాలా అమ్మా ఈ లోతు?"

మామ్మ గుంటలోకి వంగి చూసింది. "ఏం చాలిద్దిరా, ఆషాఢం గాలికి ఊడొచ్చిద్ది. ఇంకో జానెడు తవ్వు. అమ్మాయ్, నువ్వా వైరు కట్ట ఇటియ్యి, కోళ్ళను అదిలించు ముందు!"